యాభై ఒకటో పేజీ

మా విజయవాడలో నవల రాసినవాళ్ళకి ఒక పద్ధతి ఉండేది. దాచుకున్న డబ్బుతో అచ్చు వేయించుకోవడం, వచ్చిన కట్టలు మంచం కింద సర్దుకోవడం, కాఫీకి వచ్చినవాళ్ళ చేతిలో వద్దంటున్నా వినకుండా సంతకం చేసిన పుస్తకం పెట్టి పంపించడం. ఈ పద్ధతి వల్ల కొంతకాలానికి రచయితల ఇళ్ళకి కాఫీకి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు.

అలాంటి రోజుల్లో నవలా ప్రాతినిధ్య మండలి వెలిసింది. దాని అధ్యక్షులు ఒకసారి విదేశం వెళ్ళి, అక్కడి రచయితలు పబ్లిషర్ల గుమ్మాలు ఎక్కరనీ, వాళ్ళ తరపున ఏజెంట్లు తిరుగుతారనీ, ఆ ఏజెంట్లు కూడా నవల మొత్తం చదవకుండా మొదటి మూడు అధ్యాయాలు నమూనాగా చూసి తేల్చేస్తారనీ తెలుసుకుని వచ్చారు. ఏజెంట్లను తెచ్చుకోవడం కష్టం గానీ నిబంధనలు తెచ్చుకోవడం తేలిక. సూట్‌కేసులో పడతాయి. వాటిని తెలుగులోకి మార్పించి, గవర్నరుపేటలో ఒక చీరల దుకాణం పై అంతస్తులో ఆఫీసు తెరిచారు.

నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. మందపాటి తెల్ల కాగితం, ఒకవైపే అచ్చు. పేజీకి ఇరవై అయిదు వరసలు. నాలుగు వైపులా అంగుళం మార్జిను. అధ్యాయం పేజీలో మూడో వంతు దిగాకనే మొదలవ్వాలి. మూడు అధ్యాయాలూ కలిపి సరిగ్గా యాభై పేజీలు. యాభయ్యో పేజీ చివరి వరస వరకూ నిండి ఉండాలి. నలభై తొమ్మిది పేజీలు పంపినవాళ్ళు సోమరులుగానూ, యాభై ఒకటి పంపినవాళ్ళు దురాశాపరులుగానూ భావించబడతారని కింద రాసి ఉంది.

నేను ఇళ్ళ గురించి రాస్తాను. నా నవలల్లో హత్యలుండవు. పాలు పొంగుతాయి, చుట్టాలు దిగుతారు, నీళ్ళ మోటారు చెడిపోతుంది. ఈసారి రాసిన నవల పేరు 'వర్ధని వంటిల్లు'. అందులో వర్ధని అనే ఇల్లాలు ఇరవై ఏళ్ళ కాపురం తరవాత ఒక ఉదయం వంటింటికి తాళం వేసి, ముందుగదిలో కూర్చుని పేపరు చదువుకుంటుంది. ఎవరితోనూ గొడవ పడదు. ఇంట్లోవాళ్ళు బతిమాలతారు, అలుగుతారు, హోటలు నుంచి తెప్పించుకుంటారు. కొన్నాళ్ళకి వర్ధని గొడుగు తీసుకుని గేటు దాకా నడిచి, వెనక్కి తిరిగి, భర్తతో ఒక్క మాట అంటుంది.

ఆ మాట కోసమే నేను నవల రాశాను. మా ఆయన ఆఫీసు నుంచి తెచ్చే పాత సర్క్యులర్ల వెనకవైపు, కుక్కరు మీద ఒక చెవి వేసి, నాలుగేళ్ళు రాశాను. అంతదూరం నడిచి వచ్చి ఆ మాట వినే మనిషి ఒక్కరు ఉంటే చాలనిపించేది. మా ఆయన ఉన్నారు. కానీ ఆయన అచ్చయ్యాక ఒకేసారి చదువుతానన్నారు. అచ్చయిన నా పాత పుస్తకాల మాటేమిటని అడిగితే, అవి పాతవి కదా అన్నారు.

అందుకని మూడు అధ్యాయాలు టైపు చేయించుకుని మండలి మెట్లెక్కాను.

అక్కడ రూప పరిశీలనాధికారి చక్రధరరావుగారు. భూముల సర్వే శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్టీలు స్కేలు ఉంటుంది. నా కాగితాలు తీసుకుని, చదువుతారేమోనని నేను ఊపిరి బిగబట్టి కూర్చుంటే, ఆయన స్కేలు తీసి ప్రతి పేజీకీ నాలుగు వైపులా ఆనించి చూశారు. పదిహేడో పేజీ దగ్గర తల పంకించారు.

"మార్జిను అంటే పోరంబోకు అమ్మా. అది ఎవరిదీ కాదు. అందులో మీరు కట్టడాలు కట్టకూడదు."

"నేనేం కట్టానండీ?"

స్కేలు ఆనించి చూపించారు. వరస చివర 'లక్ష్మి' అన్న పేరులో వత్తు గీత దాటి అవతలికి వేలాడుతోంది. అది ఆక్రమణ కిందికి వస్తుందనీ, తక్షణమే తొలగించవలసి ఉంటుందనీ ఆయన సెలవిచ్చారు. అది వర్ధని ఇంట్లో పనిచేసే మనిషి పేరని చెప్పాను.

"పేరు మార్చండి. రమ అని పెట్టుకోండి. చక్కగా తన హద్దులో తను ఉంటుంది."

లక్ష్మిని రమని చేసి మళ్ళీ తీసుకెళ్ళాను. ఈసారి రెండో అధ్యాయం మూడో వంతుకన్నా రెండు వెంట్రుకల ఎత్తున మొదలైందని తిరస్కరించారు. మరోసారి, వర్ధని అత్తగారు కోపంలో పొడుగ్గా మాట్లాడటం వల్ల ఒక పేజీకి ఇరవై ఆరు వరసలు వచ్చాయి. అత్తగారి కోపం తగ్గించాను. అలా నాలుగుసార్లు తిరిగాను. తిరస్కరించిన ప్రతులు తిరిగి ఇవ్వబడవని అక్కడ గోడకి అంటించి ఉంది. పోనీ వాటిని ఏం చేస్తారని అడిగితే, సక్రమ వినియోగం చేయబడుతుందన్నారు.

అన్నిటికన్నా పెద్ద చిక్కు చివర వచ్చింది. పేర్లు మార్చి, కోపాలు తగ్గించి, అంతా సరిపెట్టేసరికి, 'గేటు తీసి, వెనక్కి తిరిగి, భర్తతో ఒక్క మాట అంది' అన్న చోట యాభయ్యో పేజీ ఇరవై అయిదో వరస నిండిపోయింది. ఆ అన్న మాట యాభై ఒకటో పేజీకి పోయింది.

ఒక్క వాక్యమే కదా, అనుమతించమని అడిగాను.

"సెంటు భూమైనా ఎకరమైనా హద్దు హద్దే అమ్మా."

"పోనీ రెండో అధ్యాయంలో ఒక పేరా తీసేస్తానండీ. అప్పుడు యాభైలోకి వచ్చేస్తుంది."

ఆయన నా వైపు జాలిగా చూసి పన్నెండో నిబంధన తీసి చదివారు. నమూనా ఉత్కంఠభరితముగా ముగియవలెను, ప్రశ్నకు సమాధానము నమూనా పరిధిలో లభించరాదు. అంటే ఆ మాట యాభైలో పట్టినా ఉండకూడదన్నమాట.

"అయితే అది ఎవరు చదువుతారండీ?"

"అది మా పరిధి కాదమ్మా."

ఇంటికొచ్చి నా స్నేహితురాలు త్రిపురకి ఫోన్ చేశాను. తను రాజుల నవలలు రాస్తుంది. నాకన్నా ముందే మండలిలో గట్టెక్కింది. దాని నమూనాలో రాజు ద్రోహి అయిన మంత్రి మీద కత్తి ఎత్తుతాడు, యాభయ్యో పేజీ అయిపోతుంది.

"ఏడాదైందే హైమా, ఆయన కత్తి ఎత్తే ఉన్నాడు," అంది. "దించుదామని కూర్చుంటాను. దించితే ఎవరు చూడాలి అనిపిస్తుంది. ఇంకో నవలకి మూడు అధ్యాయాలు మొదలెట్టేశాను."

"మొదటిది పూర్తి చెయ్యకుండానా?"

"నువ్వింకా నాలుగో అధ్యాయం రాస్తున్నావేంటే?" అంది, నేనింకా రోట్లో పచ్చడి నూరుతున్నానని విన్నట్టు.

నాలుగో అధ్యాయం రాసేవాళ్ళు ఊళ్ళో తగ్గిపోతున్న మాట నిజమే. మండలివారు రెండు రోజుల శిక్షణ శిబిరం పెట్టారు, మధ్యాహ్నం భోజనంతో. అందులో ఒక నిపుణులు మాట్లాడుతూ, నాలుగో అధ్యాయమనేది ఒక వ్యసనమనీ, మొదట్లో చేతులు వణికినా అలవాటు చేసుకుంటే మానేయవచ్చనీ ధైర్యం చెప్పారు. వెనక వరసలో ఒక కుర్రరచయిత లేచి తను మానేసి ఆరు నెలలైందని చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. పత్రికలవాళ్ళు నమూనాలకి సమీక్షలు మొదలుపెట్టారు. ఫలానావారి మార్జిన్లలో ఒక విశాల దృక్పథం ఉందని ఒకరు రాస్తే, ఫలానావారి వరసల మధ్య ఖాళీలో తాత్త్విక మౌనం వినిపిస్తోందని ఇంకొకరు రాశారు.

ఆ ఏడాది ఉత్తమ నమూనా పురస్కారం కూడా ఇచ్చారు. అందుకున్నాయన మైకు ముందుకొచ్చి, ఈ సందర్భంగా నా జీవితంలో ఇప్పటివరకూ ఎవరికీ చెప్పని ఒక విషయం చెప్పదలచుకున్నాను అని, నమస్కారం పెట్టి వెళ్ళి కూర్చున్నారు. సభ మెచ్చుకుంది. సభలో ఎవరో ఒక పెద్దావిడ మాత్రం లేచి, ఈ పుస్తకాలు కొనుక్కోవాలంటే ఎక్కడ దొరుకుతాయని అడిగారు. వేదిక మీద కాసేపు గుసగుసలయ్యాయి. తరవాత అధ్యక్షులు మైకు తీసుకుని, పాఠకుల విషయం రెండో దశలో పరిశీలనకు తీసుకోబడుతుందని ప్రకటించారు.

అయిదోసారి నా నమూనా నెగ్గింది. చక్రధరరావుగారు స్కేలు జేబులో పెట్టుకుని, లేచి నిలబడి, నాకు రూపసిద్ధి ధ్రువపత్రం అందించారు. చదివారా అని అడిగాను. అన్ని పేజీలూ చూశానన్నారు. కథ ఎలా ఉందన్నాను.

"ఎక్కడా ఒక్క గీత తప్పలేదమ్మా. చాలా అరుదు," అన్నారు, నిజంగా అభిమానంగా.

ఇక ఏం జరుగుతుందని అడిగాను. నమూనా సిద్ధ నమూనాల బీరువాలో చేరుతుందట. పబ్లిషర్లు వచ్చి ఆ బీరువాలో చూస్తారా అంటే, దాని తాళంచెవి అధ్యక్షులవారి దగ్గర ఉంటుందనీ, ఆయన విదేశాల్లో ఉన్నారనీ, ఈసారి బైండింగు నిబంధనల అధ్యయనానికి వెళ్ళారనీ చెప్పారు. మిగతా అధ్యాయాలు తెమ్మంటారా అంటే కంగారుపడ్డారు.

"అవి మీ దగ్గరే ఉంచుకోండమ్మా. వాటికి మా దగ్గర కొలతలు లేవు."

ధ్రువపత్రానికి ఫ్రేము కట్టించి మా ఆయన గోడకి తగిలించారు. చూసినవాళ్ళు నవల ఎలా ఉందని అడిగితే, చాలా బాగుందట అని చెప్పేవారు.

ఇది జరిగిన కొన్ని నెలలకి ఒక ఆదివారం ఉదయం మా గుమ్మంలో చక్రధరరావుగారు నిలబడ్డారు. మనిషి నలిగిపోయి ఉన్నారు. చొక్కా మాత్రం ఇస్త్రీ నలగలేదు. జేబులో స్కేలు యథాప్రకారం ఉంది. కూర్చోమని కాఫీ ఇస్తే, మా ఆయన పేపరు మడిచేలోపలే తాగేసి, టిఫినేమైనా ఉందా అన్నట్టు వంటింటివైపు చూశారు. ఉప్మా పెట్టాను. రెండోసారి కూడా పెట్టించుకున్నారు. ఆ తరవాత సంగతి చెప్పారు.

మండలి తిరస్కరించిన ప్రతులన్నీ ఆయన ఇంటికి తీసుకెళతారు. సక్రమ వినియోగమంటే అదే. వాళ్ళావిడ శకుంతలగారికి వంటింటి అరల్లో కాగితాలు పరిచే అలవాటు. వార్తాపత్రికలైతే డబ్బాల అడుగున సిరా అంటుకుంటుంది. ఇవి మందంగా, నీటుగా ఉంటాయి. పైగా నాలుగు వైపులా అంగుళం ఖాళీ ఉండటం వల్ల అర అంచు కనిపించి అందంగా ఉంటుందట. ఈసారి అరలు మార్చినప్పుడు నావి వచ్చాయి. పాలు కాగేవరకూ నిలబడి ఏం చెయ్యాలో తోచక ఆవిడ పప్పుల డబ్బా కింద ఉన్న పేజీ చదివారు. తరవాతి పేజీ కోసం చింతపండు జాడీ ఎత్తారు. అలా రోజూ కాసిని డబ్బాలు ఎత్తుకుంటూ, దించుకుంటూ, పై అర నుంచి కింది అర దాకా వచ్చి, నూనె క్యాను కింద యాభయ్యో పేజీలో ఆగిపోయారు.

"తరవాతి పేజీ ఏదీ అని అడిగిందమ్మా. యాభైతో సరి అన్నాను. ఆవిడ ఏమందీ అని అడిగింది. ఎవరూ అన్నాను." ఆయన నీళ్ళు తాగారు. "నాలుగుసార్లు కొలిచారట, ఎవరో తెలీదా మీకు అంది. అంతే. వంటింటికి తాళం వేసేసింది. ఆ పేజీ తెస్తే గానీ తియ్యనంది."

"గొడవ పడ్డారా?"

"అదేగా, పడదు. ముందుగదిలో కూర్చుని పేపరు చదువుకుంటుంది. నా బట్టలు ఇస్త్రీ చేసి ఇస్తుంది. జాగ్రత్తగా వెళ్ళి రండి అంటుంది. అన్నం మాత్రం లేదు. మెస్సు సాంబారు తాగి తాగి నా నోరు పాడైపోయింది."

నాకు పట్టరాని ఆనందం కలిగింది. ఆయన ముందు అది పైకి చూపించడం బాగుండదని, మండలి భాషలోనే మాట్లాడాను. యాభై ఒకటో పేజీ నమూనా పరిధిలోకి రాదనీ, సమాధానము లభించరాదని పన్నెండో నిబంధన ఉందనీ, సెంటైనా ఎకరమైనా హద్దు హద్దేననీ గుర్తు చేశాను.

"నేను ఆఫీసు పని మీద రాలేదమ్మా," అన్నారాయన నీరసంగా. "ఆ ఒక్క వాక్యం చెప్పెయ్యండి. వెళ్ళి అప్పజెప్పేస్తాను."

"చెప్పనండి. చదవండి."

"సరే, ఎక్కడుందో చూపించండి."

"మొదటి పేజీ నుంచి ఉంది."

మా ఆయన పేపరు వెనకనుంచి ఒకసారి తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నారు.

లోపల్నుంచి సర్క్యులర్ల కట్ట తెచ్చి ఆయన ముందు పెట్టాను. చక్రధరరావుగారు అలవాటుగా స్కేలు తీశారు. మొదటి కాగితం మీద ఎక్కడ ఆనించాలో తెలియలేదు. అంచు నుంచి అంచు దాకా రాసేశాను, మూలల్లో నిలువుగా కూడా రాశాను, ఒకచోట పసుపు మరక కూడా ఉంది. ఆయన కాసేపు స్కేలు గాల్లో పట్టుకుని, చివరికి బల్ల మీద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని చదవడం మొదలుపెట్టారు.

మొదట వేలు పెట్టి వరసలు లెక్కపెట్టుకుంటున్నట్టు చదివారు. కాసేపటికి వేలు తీసేశారు. లక్ష్మి వచ్చినచోట ఆగి, ఈవిడేనా ఆవిడ అని అడిగారు. అవునన్నాను. ఉండనివ్వాల్సింది, అన్నారు. వర్ధని భర్త హోటలు సాంబారు గురించి ఫిర్యాదు చేసిన చోట నవ్వారు. తరవాత నవ్వలేదు. రెండోసారి ఇచ్చిన కాఫీ చల్లారిపోయింది. మధ్యాహ్నం కుక్కరు పెట్టి వచ్చేసరికి ఆయన వర్ధని గేటు దగ్గరికి వచ్చేశారు.

ఆ వాక్యం ఆయన పైకే చదివారు, నెమ్మదిగా.

"తాళంచెవి నా దగ్గర లేదండీ. రోజూ మీ చొక్కా జేబులోనే వేసి పంపిస్తున్నాను."

చదివి, కాగితం ఒళ్ళో పెట్టుకున్నారు. తరవాత ఆయన చెయ్యి తనంతట తనే జేబు మీదికి వెళ్ళింది. స్కేలు బల్ల మీదే ఉంది. పెన్ను తీసి పక్కన పెట్టారు. మెస్సు టోకెన్లు తీసి పెట్టారు. అడుగున వేళ్ళకి తగిలిన దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూశారు. చిన్న ఇత్తడి తాళంచెవి.

దాని మీంచి కళ్ళు తియ్యకుండానే అడిగారు. "ఆవిడ ఈ పేజీ చదవలేదు కదమ్మా. ఆవిడకెలా తెలిసింది?"

"ముందు యాభై పేజీలూ చదివారు కదండీ," అన్నాను.

ఆయన లేచి, మిగతా కట్ట కూడా తీసుకెళ్ళనా అని అడిగారు. తీసుకెళ్ళమన్నాను. స్కేలు మర్చిపోయి వెళ్ళిపోయారు. నేను గేటు వేసి వచ్చేసరికి మా ఆయన పేపరు అలాగే పట్టుకుని ఉన్నారు గానీ, రెండో చెయ్యి చొక్కా జేబు మీద ఉంది. మా వంటింటికి అసలు తలుపే లేదు.

తరవాతి సంగతులు చెప్పుకోదగ్గవేమీ కావు. అధ్యక్షులవారు విదేశం నుంచి తిరిగొచ్చాక, పాఠకవర్గం నుండి అందిన వినతి మేరకు నమూనా పరిమితిని యాభై ఒక్క పేజీలకు పెంచడమైనదని మండలి ప్రకటించింది. యాభై ఒకటో పేజీ కూడా ఉత్కంఠభరితముగానే ముగియవలెనని చేర్చారు. ఆ ప్రకారం బీరువాలో ఉన్న నా నమూనాని బయటికి తీసి, ఒక పేజీ తక్కువైనందున తిరస్కరించారు. కింద సంతకం చక్రధరరావుగారిదే. అది ఆయన విధి. నేనేమీ అనుకోలేదు. గోడమీద ధ్రువపత్రం మాత్రం దించేశాం.

త్రిపుర నవలలో రాజుగారు ఇంకా కత్తి దించలేదు. కానీ మొన్న త్రిపుర ఫోన్ చేసి, ఆ శకుంతలగారి ఇంట్లో అరలు మళ్ళీ ఎప్పుడు మారుస్తారో కనుక్కోమంది.

నా సర్క్యులర్ల కట్ట ఇంకా తిరిగి రాలేదు. శకుంతలగారు నవల పూర్తి చేసి కింది ఫ్లాటావిడకి ఇచ్చారట. ఆవిడ రెండువైపులా, మార్జిన్లు లేకుండా జిరాక్సు తీయించి పై అంతస్తులకి పంపారట. వాళ్ళ అపార్ట్‌మెంటులో ఇప్పుడు ఎవరింట్లోనైనా మధ్యాహ్నం పాలు పొంగిన వాసన వస్తే, ఆ ఇంటావిడ ఎన్నో అధ్యాయంలో ఉందో పక్కవాళ్ళు చెప్పగలుగుతున్నారట. శకుంతలగారే ఫోన్ చేసి చెప్పారు. మాటల మధ్య, తాళంచెవి ఇప్పుడు మేకుకి తగిలించి ఉందనీ, ఎవరు ముందు లేస్తే వాళ్ళు తీస్తున్నారనీ కూడా చెప్పారు.

నిన్న రాత్రి భోజనాల దగ్గర మా ఆయన గొంతు సవరించుకుని, ఆ కాగితాలు ఎప్పుడు తిరిగొస్తాయని అడిగారు. ఎందుకన్నాను. ఊరికే, వర్ధని గేటు దాటాక ఎక్కడికి వెళ్ళిందో చూద్దామని, అన్నారు.

"ఇప్పుడేం తొందర? అచ్చయ్యాక ఒకేసారి చదువుదురుగాని లెండి," అన్నాను, మజ్జిగ వడ్డిస్తూ.

ఆయన చెయ్యి మళ్ళీ జేబు మీదికి వెళ్ళింది.